ఉత్త గిన్నె తిరిగిపోయేది కాదు

పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదొయ్యి పాపా, చెప్తా విను. ఉగాదికి మీరు అంగట్లో వేపపూత పొట్లం కొంటా ఉండారే, నాకు నవ్వొస్తాది. నా చిన్నప్పుడు మదనపల్లెలో వేపపూతకు రూకిచ్చినోళ్లను నేను చూడలా. చెట్టు ఎవురి వాకిట్లో ఉంటే వాళ్లు తెల్లారకముందే కొమ్మలు విరిచి, ఇరుగుపొరుగు గడపల మీద పెట్టేసి పోయేవోళ్లు. మామిడాకులు దొరికినోళ్లు పక్కనే ఓ కట్ట పెట్టేవోళ్లు. ఎవురు పెట్టినారని అడిగే పనే లేదు, వీధిలో ఉండేదే రెండు చెట్లాయె!

మల్లెలు సాయంత్రం పూట. మా అవ్వ మూరెడు కట్టి, అరిటాకులో చుట్టి, "ఆ యింటి కొత్త కోడలికిచ్చి రాపో" అనేది. ఇచ్చినాక ఆడ నిలబడకూడదు. నిలబడితే ఏమన్నా పెడతారని కాచుకున్నట్టుంటాదంట.

పచ్చడి ఎవురింట్లో వాళ్లు తినేదే. ఓళిగలు మాత్రం వీధంతా తిరిగేవి. శెనగపప్పు ఉడకేసి వంచిన కట్టుతో చారు కాస్తారే, నాకు ఓళిగల కంటే అదే ఇష్టం. అదీ చెంబుల్లో పక్కిండ్లకు పోయేది. గిన్నె అందుకున్నోళ్లు దాన్ని ఉత్తది పంపేవోళ్లు కాదు. ఏమీ లేకుంటే ఓ బెల్లం గడ్డ, పిడికెడు బియ్యం, అదీ లేకుంటే రెండు చింతకాయలు. మళ్లీ వాళ్ల గిన్నె మనింటికొస్తే మనమూ అంతే. ఇంక ఆ లెక్క తెగేదెప్పుడు? ఏ గిన్నయినా నాలుగు రోజులు రాకపోతే, "ఆ యింట్లో ఏదో ఇబ్బంది ఉంది" అని అవ్వ తానే పోయి చూసొచ్చేది.

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరప్పుడయితే గిన్నెల గొడవే లేదు. వచ్చినోడు చుట్టమా కాదా అని చూడకుండా రాగి అంబలి పోసేదే.

పెండ్లయి నేను కుప్పం పోతే ఆడ ఇంకో తమాషా. కర్ణాటకా, తమిళనాడూ రెండూ ఆనుకునుండే ఊరు గదా, వీధిలో మూడు భాషలూ ఉండేవి. కన్నడమోళ్లకూ మనకూ ఉగాది ఒకే పొద్దు. వాళ్ల బేవు బెల్ల మనింటికి, మన పచ్చడి వాళ్లింటికి. తమిళమోళ్లు సూర్యుణ్ణి బట్టి లెక్కేస్తారు, వాళ్లకు సంవత్సరాది ఏప్రిల్ 14న. ఉగాదికి మనమిచ్చిన గిన్నె అందాకా వాళ్ల వంటింట్లోనే కాచుకోనుండి, బెల్లమేసిన మామిడికాయ పచ్చడితో తిరిగొచ్చేది.

సాయబుల ఇండ్లతో లెక్క వేరే. మనకు అధికమాసం ఉంది, వాళ్లకు లేదు. అందుకే రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతా, ముప్పై రెండు ముప్పై మూడేళ్లకు మళ్లీ ఉగాది పక్కకొస్తాది. 2025లో ఉగాది మార్చి 30, రంజాను 31. ఓళిగలు పెట్టిన గిన్నె మర్నాడే సేమ్యాతో వాకిట్లో ఉండె. అట్లాంటి ఏడు మళ్లీ నేను చూడబోతానా!

మిఠాయంగళ్లు వచ్చి ఇదంతా చెడిందంటారు. నేనొప్పుకోను. కొన్న మైసూరుపాకు పంచినా పంచడమే. చెడగొట్టింది ఆ పారేసే ప్లాస్టిక్ డబ్బా. తిరిగిచ్చే పని లేకపోతే మళ్లీ గడప తొక్కే పనేముంది? మునుపు స్టీలు గిన్నె కొంటే అంగట్లోనే పేరు కొట్టించేవోళ్లం, కలిసిపోతాయని. అయినా కలిసిపోయేవి. అటక మీద చూడు, వేరేవోళ్ల పేర్లుండే గిన్నెలు ఎన్నుండాయో. నావి ఎవురిండ్లలో ఉండాయో మరి.

మొన్న ఉగాదికి ఒకటి దించి, నిండా ఓళిగలు పెట్టి, ఆ పేరుండే యింటికి మీ అన్నను పంపితి. ఆ యింటోళ్లు బెంగుళూరు పోయి శానా కాలమయిందంట, బాడుగకుండేవోళ్లు తీసుకున్నారు. గిన్నె ఇంకా రాలా. రేపు పొద్దున నేనే పోయి చూసొస్తా, వాళ్లకేమన్నా ఇబ్బందేమో.