రాయలు కాదు, రైలు

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం సీమలో తుత్తునాగం చరిత్ర, అంటే జింకు చరిత్ర, వెతకబోయినవారి చూపు ముందు ఇత్తడి మీదే పడుతుంది. 1565 యుద్ధంలో విజయనగరం కూలాక తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. రాజధాని అన్నాక కోట, గుళ్ళు, దీపపు సెమ్మెలు, బిందెలు ఉంటాయి. ఇత్తడిలో మూడో వంతు దాకా జింకే కాబట్టి ఆ లోహం రాయల నాటికే ఇక్కడ ఇంటింటా ఉందనడం తేలిక. ఆ మాట నిలవదు. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, ఖనిజం నుంచి దాన్ని విడదీయడానికి అంతకు మించిన వేడి కావాలి. అందుకే మామూలు కొలిమిలో లోహం చేతికి రాదు, గాలి తగిలిన ఆవిరి తెల్లటి బూడిదగా మారుతుంది. అయితే రాగి ముక్కలు, ఖనిజం పొడి, బొగ్గు కలిపి మూసలో మూతపెట్టి కాలిస్తే ఆ ఆవిరి రాగిలోకి ఇంకుతుంది. జింకును కంటితో చూడకుండానే ఇత్తడి చేయవచ్చన్నమాట. సెమ్మె ఇత్తడికి సాక్ష్యమే గాని జింకుకు కాదు.

మన రసశాస్త్రం జింకు తీయడం చెప్పింది కదా అని అడగవచ్చు. నిజమే, రసరత్నసముచ్చయంలో ఆ పద్ధతి ఉంది. రాజస్థాన్‌లోని జావర్‌లో వంకాయ ఆకారపు మట్టి మూసలను తలకిందులుగా నిలిపి, ఆవిరిని కిందికి దించి చల్లార్చేవారు. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ 1738లో పేటెంటు పొందడానికి కొన్ని శతాబ్దాల ముందు మాట ఇది. కానీ జావర్ ఎక్కడ, పెనుకొండ ఎక్కడ! పదిహేడో శతాబ్దంలో డచ్చివారు కోరమండల్ రేవుల్లో అమ్మిన జింకు కూడా ఇంత లోపలికి రావాలంటే ఎద్దుల మీద రావలసిందే. ఇత్తడి బిందెను కూతురికి సారెగా పెట్టడం, చిల్లు పడితే మాటు వేయించడం, పాతదాన్ని తూకానికి అమ్మడం దాని ఖరీదును చెబుతాయి. పైగా ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే రాగీ జింకూ పులుపులోకి దిగుతాయి. అందుకే కళాయివాడు వచ్చి, గిన్నె కాల్చి, నవాసారం చల్లి, లోపల తగరం పూసి వెళ్ళేవాడు. చింతపండు వ్యాపారానికి పేరుపడ్డ హిందూపురం చుట్టుపక్కల వంటిళ్ళకు ఇది చిన్న ఖర్చేమీ కాదు.

ఈ లెక్క మార్చింది రైలే అని నా వాదన. ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి ఫ్రాన్సులో సోరెల్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. 1890ల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు మీటరుగేజి దారి పడింది. సీమదొరల ఫ్యాక్టరీల రేకులు, బకెట్లు రేవు నుంచి నేరుగా స్టేషనుకు చేరే వీలు కలిగింది. చవుడు మిద్దెతో పోలిస్తే రేకు ఎండకు మండుతుంది, వానకు చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. అయినా ఏటా చవుడు తోలనక్కర్లేదు. కొత్త బకెట్టు మీద మెరిసే పువ్వులు జింకు గడ్డకట్టినప్పుడు ఏర్పడిన స్ఫటికాలు. గీత పడి ఇనుము బయటపడ్డా ముందు జింకే తరుగుతుంది, ఇనుము కొన్నేళ్ళు తుప్పు తప్పించుకుంటుంది. పులుపు మాత్రం ఈ బకెట్టుకూ పడదు.

అలాగైతే ఇది పరాయి సరుకు చరిత్రే గాని సీమ చరిత్ర కాదనవచ్చు. గని లేని ఊళ్ళో లోహం చరిత్ర రవాణా చరిత్రే అవుతుంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో మొదలైన కియా కార్ల తయారీ కూడా బయటినుంచి వచ్చే లోహం మీదే నిలబడింది. ఇక జింకు తక్కువైన వేరుశనగ చేలల్లో రైతు ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు చల్లుతున్నాడు. ఆ సంచులూ బయటినుంచి వచ్చినవే.