ఉద్యోగి మాట - న్యాయస్థానం

పత్తి, మిరప పండే గుంటూరు, ఒంగోలు రేగడి సీమలో వాన తప్పితే పైరు పోతుంది. అయినను మరుసటి ఏడు మరల విత్తుకొనవచ్చును. సర్కారు కొలువునుండి డిస్మిస్ అయిన గుమాస్తాకు మరుసటి ఏడు లేదు. జీతమూ, పింఛనూ, పరువూ ఒక్క కాగితంతో పోతాయి. ఆ కాగితం వ్రాయుటకు ముందు అతని మాట వినవలెనా, వద్దా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం చెప్పుటకు మన న్యాయచరిత్రకు చాలకాలం పట్టినది.

ఆంగ్లేయుల పాలనలో ఉద్యోగి ప్రభువు దయ ఉన్నంతకాలమే ఉద్యోగి. 1919 నాటి ఇండియా ప్రభుత్వ చట్టంలోని 96-బి సెక్షను ఈ సూత్రాన్నే చెప్పి, దానికి కొన్ని కట్టుబాట్లు చేర్చినది. ఆ కట్టుబాట్ల విలువ ఎంత? 1937 నాటి ప్రీవీ కౌన్సిలు తీర్పుల సంపుటాలలో మదరాసు రాజధానికి చెందిన రెండు అప్పీళ్ళు కనిపిస్తాయి. రంగాచారి అనే పోలీసు సబిన్‌స్పెక్టరును, నియమించిన అధికారికంటె తక్కువ హోదాగల అధికారి డిస్మిస్ చేసినాడు. చట్టమే దానిని నిషేధించినది గనుక ఆ ఉత్తరువు చెల్లదన్నారు. ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరైన వెంకటరావు ఫిర్యాదు వేరు. నియమాల ప్రకారం విచారణ జరుగలేదని అతని వాదన. నియమాలు తప్పితే పై అధికారులకు మొరపెట్టుకొనవలెనే గాని, కోర్టులో దావా నిలువదని తీర్పు వచ్చినది. అనగా ఎవరు తొలగించినారో అడుగవచ్చును. ఎట్లు తొలగించినారో అడుగరాదు.

రిట్టు మార్గమైనా మన ప్రాంతానికి అందలేదు. పర్లాకిమిడి జమీందారుకూ రైతులకూ నడచిన శిస్తు వివాదంలో, మదరాసు నగరానికి వెలుపలి అట్టి వ్యవహారాలలో అక్కడి హైకోర్టు సెర్షియోరరీ రిట్టు ఇవ్వజాలదని 1943లో ప్రీవీ కౌన్సిలు తేల్చినది.

1935 చట్టపు 240వ సెక్షను, ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకొనే అవకాశాన్ని చట్టంలోనే చేర్చినది. 1950లో రాజ్యాంగం 311వ అధికరణంలో దానిని నిలిపినది. 226వ అధికరణం రిట్టు అధికారాన్ని ప్రతి హైకోర్టుకూ, దాని పరిధి అంతటా ఇచ్చినది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన పిమ్మట, 1954 జూలైలో గుంటూరులోనే హైకోర్టు వెలసినది. కోకా సుబ్బారావుగారు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో అది హైదరాబాదుకు తరలువరకు, ఆంధ్ర రాష్ట్రపు ఉద్యోగి తన రిట్టు కొరకు మదరాసు రైలెక్కవలసిన పని లేకపోయినది.

అయితే ఈ హక్కుకు ఎల్ల ఏది? శ్రీరామారావు అనే సబిన్‌స్పెక్టరు డిస్మిస్‌ను మన హైకోర్టు రద్దుచేయగా, 1963లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. శాఖాపరమైన విచారణపై హైకోర్టు అప్పీలు కోర్టు కాదన్నది. కొంత సాక్ష్యం ఉన్నచో దానిని మరల తూచదు. విచారణ న్యాయసూత్రాల ప్రకారం జరిగినదా అన్నదే చూస్తుంది. నాటినుండి దేశమంతటా ఈ తీర్పును ఉదహరిస్తూనే ఉన్నారు. అటు తరువాత, శిక్ష ఎంత అన్న విషయమై మరల సంజాయిషీ చెప్పుకొనే అవకాశాన్ని 42వ రాజ్యాంగ సవరణ తొలగించినది.

ఉద్యోగుల వివాదాలకై ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక పరిపాలనా ట్రిబ్యునలు ఏర్పడినప్పుడు, దాని ఉత్తరువును రాష్ట్ర ప్రభుత్వమే మార్చవచ్చును, రద్దుచేయవచ్చును అని 371-డి అధికరణంలో ఒక నిబంధన ఉండినది. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. వ్యాజ్యంలో ఓడిన పక్షమే తీర్పును దిద్దుకొనుట న్యాయపాలన కాదు గదా!

2019లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరల ఈ సీమకే, తుళ్ళూరు మండలంలోని నేలపాడుకు వచ్చినది. అక్కడికి పోయే ఉద్యోగి, తప్పు చేసినను శిక్షించవద్దని అడుగజాలడు. తన మాట విన్నారా అని మాత్రం అడుగవచ్చును. నాడు వెంకటరావుకు దక్కనిది ఆ ప్రశ్నే.