86 ఓట్ల తేడా

గ్లాస్గోకు పడమరన, క్లైడ్ నది సముద్రంలో కలిసేచోట గ్రీనాక్ అనే ఊరుంది. మన తెలంగాణలోని బోధన్‌కు పేరు తెచ్చినట్టే గ్రీనాక్‌కూ చక్కెరే పేరు తెచ్చింది. అక్కడ చెరుకు పండదు. కరీబియన్ దీవుల్లో బానిసల చెమటతో తయారైన ముడి చక్కెర ఓడల్లో వచ్చి దిగేది. మొదటి శుద్ధి మిల్లు 1765లో వెలిసింది, చివరిది 1997లో మూతబడింది. బ్రిటన్ నుంచి విడిపోదామా అని 2014 సెప్టెంబరు 18న స్కాట్లాండ్ ప్రజలను అడిగారు. గ్రీనాక్ ఉన్న ఇన్వర్‌క్లైడ్ ప్రాంతంలో వద్దన్నవాళ్లు 27,329 మంది, విడిపోదామన్నవాళ్లు 27,243 మంది. తేడా 86 ఓట్లు. స్కాట్లాండ్ మొత్తం మీద 55.3 శాతం వద్దన్నారు. అప్పటికి మన రాష్ట్రం వచ్చి సరిగ్గా 108 రోజులు. అందుకే మన దిక్కు ఈ సంగతి ఎత్తితే, మనకున్న తెగువ వాళ్లకు లేకపాయెనా అన్న మాట ఒకటి వస్తుంది. ఆ పోలికే తప్పని నా వాదన. తెలంగాణకు 2014 జూన్ 2న దక్కింది స్కాట్లాండ్‌కు 1999లోనే దక్కింది. 2014లో వాళ్ల ముందు పెట్టిన ప్రశ్న మన ముందు ఎవరూ ఎన్నడూ పెట్టలేదు.

పోలికలు లేవని కాదు. 1603లోనే స్కాట్లాండ్ రాజు ఇంగ్లాండ్ గద్దె కూడా ఎక్కాడు, కానీ రెండు దేశాలు, రెండు పార్లమెంట్లు అట్లాగే నడిచాయి. 1698లో పనామా దగ్గర డేరియన్‌లో వలస పెట్టబోయి స్కాట్లాండ్ తన పెట్టుబడిలో పెద్ద భాగం పోగొట్టుకుంది. ఆ దెబ్బతో కుదేలైన పెద్దలు 1707లో విలీనానికి ఒప్పుకున్నారు. ఇంగ్లాండ్ నుంచి 3,98,085 పౌండ్ల పరిహారం ముట్టింది, అందులో కొంత డేరియన్‌లో మునిగినవాళ్లకే పోయింది. సామాన్య జనం ఎడిన్‌బరో వీధుల్లో అల్లర్లు చేశారు, వాళ్ల మాట ఎవరూ వినలేదు. ఆంధ్రతో విలీనానికి ముందు కుదిరిన 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మనకు గుర్తు రాకుండా ఉండదు. అయితే ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. 1707 ఒప్పందంలో స్కాట్లాండ్ తన న్యాయవ్యవస్థనూ చర్చినీ కాపాడుకుంది, ఆ హామీలు ఈనాటికీ నిలిచే ఉన్నాయి. స్థానికుల ఉద్యోగాలకిచ్చిన ముల్కీ రక్షణలను మన దగ్గర నిలుపుకోకపోవడమే పదమూడేళ్లు తిరక్కుండానే 1969 ఉద్యమానికి కారణమైంది. హామీలు నిలిచినందుకే స్కాట్లాండ్ అసంతృప్తి చాలాకాలం నిద్రపోయింది. 1970లలో ఉత్తర సముద్రంలో చమురు దొరికాక లేచింది. 1979లో సొంత శాసనసభ కావాలని ఓటేసినవాళ్లలో 51.6 శాతం అన్నారు, కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం దాటాలని ముందే మెలిక పెట్టడంతో అది చెల్లలేదు. ఓటేయని వాళ్లంతా వద్దన్నట్టే లెక్క! ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు కన్సర్వేటివ్ పార్టీ పాలన. స్కాట్లాండ్ ఆ పార్టీకి ఒక్క ఎన్నికలోనూ మెజారిటీ సీట్లు ఇవ్వలేదు. తలపన్నును 1989లో, ఇంగ్లాండ్ కంటే ఏడాది ముందు, స్కాట్లాండ్ మీదే మోపారు. 1992లో రేవెన్స్‌క్రేగ్ ఉక్కు ఫ్యాక్టరీ మూతబడింది. 1997లో మళ్లీ అడిగితే 74.3 శాతం సొంత పార్లమెంట్ కావాలన్నారు. 1999లో 129 మంది సభ్యులతో అది కూర్చుంది. చదువు, వైద్యం, పోలీసు, వ్యవసాయం దాని చేతికి వచ్చాయి. కరెన్సీ, రక్షణ, విదేశాంగం లండన్ దగ్గరే ఉండిపోయాయి. మన హైదరాబాద్‌కూ ఢిల్లీకీ మధ్య ఉన్న పంపకం దాదాపు ఇదే కదా.

ఇప్పుడు 2014 ప్రశ్న చూడండి. బోధన్ నుంచి సాలూర మీదుగా మంజీర వంతెన దాటితే మహారాష్ట్ర. జేబులోని రూపాయి అక్కడా రూపాయే. రాష్ట్రం వచ్చిన మర్నాడు రైల్వే ఉద్యోగి పింఛను ఎవరిస్తారన్న అనుమానం ఎవరికీ రాలేదు. స్కాట్లాండ్ ఓటరు మాత్రం ఇవన్నీ తేల్చుకున్నాకే బూత్‌కు పోవాలి. విడిపోతే పౌండును పంచుకోనివ్వమని ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ ఆ ఫిబ్రవరిలోనే తెగేసి చెప్పాడు, ప్రతిపక్ష లేబర్ కూడా తలూపింది. స్కాట్లాండ్ నుంచి బయటికి పోయే సరుకులు, సేవల్లో సుమారు అయిదింట మూడు వంతులు మిగతా బ్రిటన్‌కే పోతాయి. స్వతంత్రవాదుల ప్రణాళిక పీపా చమురు 110 డాలర్లన్న అంచనా మీద నిలబడింది. 2016 జనవరికల్లా ఆ ధర 30 డాలర్ల కిందికి పడింది. ఓటు అటు పడి ఉంటే కొత్త దేశం మొదటి బడ్జెట్టే కోతలతో మొదలయ్యేది.

దీనికి స్వతంత్రవాదుల జవాబులో బలం లేకపోలేదు. నార్వే అదే సముద్రంలోని చమురు డబ్బును నిధిగా దాచుకుంది, లండన్ రోజువారీ ఖర్చులకు వాడేసింది. డెబ్భైలలోనే విడిపోయి ఉంటే కథ వేరేగా ఉండేదని వాళ్లంటే నేను కాదనలేను. అయితే అది పోయిన అవకాశం గురించిన మాట. స్కాటిష్ ప్రభుత్వం ఏటా వేసే లెక్కల్లోనే ఇప్పుడు లోటు బ్రిటన్ సగటు కంటే బాగా ఎక్కువ. ఆ లెక్కలు బ్రిటన్‌లో కలిసి ఉన్న స్కాట్లాండ్‌వి, విడిపోయినదానివి కావని వాళ్లు బదులిస్తారు. 1969లో తెలంగాణ మిగులు నిధుల మీద లలిత్ కమిటీ లెక్కలు వేసినప్పటి గొడవ ఎరిగినవాళ్లకు ఈ పేచీ కొత్త కాదు. రెండో జవాబు ఇంకా గట్టిది. విడిపోతే యూరోపియన్ యూనియన్ సభ్యత్వం పోతుందని 2014లో భయపెట్టారు. 2016లో స్కాట్లాండ్ 62 శాతం యూనియన్‌లోనే ఉందామన్నా, మొత్తం బ్రిటన్ ఓటుతో బయటికి లాక్కుపోయారు. మాట తప్పడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మళ్లీ ఓటు పెట్టే అధికారం స్కాటిష్ పార్లమెంట్‌కు లేదని 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర రాజ్యాంగం మూడో అధికరణం పుణ్యమా అని దారి వేరు: 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టినా, ఫిబ్రవరిలో పార్లమెంట్ ఆమోదించింది. అసెంబ్లీ కాదన్నా మనకు రాష్ట్రం వచ్చింది. అక్కడ స్కాటిష్ పార్లమెంట్ కావాలన్నా ఓటు పెట్టలేదు. అయినా బ్రెక్సిట్ ఒక చిక్కును పెంచింది కూడా. స్కాట్లాండ్ విడిపోయి యూరప్‌లో చేరితే ఇంగ్లాండ్ సరిహద్దులో సుంకాల గేటు పడుతుంది.

అధికారం చేతికొస్తే అన్నీ చక్కబడతాయా అంటే, బోధన్ ఇక్కడే నాకు పనికొస్తుంది. 1937లో నిజాం ప్రభుత్వం పెట్టిన షుగర్ ఫ్యాక్టరీలో 2002లో 51 శాతం వాటా ఉమ్మడి రాష్ట్రం ప్రైవేటు చేతుల్లో పెట్టింది. ఉద్యమంలో అది పెద్ద గాయం. రాష్ట్రం వస్తే సర్కారు తీసుకుంటుందని అందరూ నమ్మారు. వచ్చిన ఏడాదిన్నరకే, 2015 డిసెంబరులో, ఫ్యాక్టరీకి తాళం పడింది. అక్కడ గ్రేంజ్‌మౌత్ రిఫైనరీ, స్కాట్లాండ్‌కున్న ఒక్కగానొక్కటి, 2025 ఏప్రిల్‌లో చమురు శుద్ధి ఆపేసింది. ఎడిన్‌బరోలో సొంత ప్రభుత్వం ఉంది, లండన్‌లో లేబర్ ప్రభుత్వం ఉంది, రెండూ ఆపలేకపోయాయి. ఇంధన అధికారం మా చేతిలో లేకపోవడం వల్లే ఇట్లా అయిందని స్వతంత్రవాదులంటున్నారు. కొంత నిజమే కావచ్చు. కానీ బోధన్ ఫ్యాక్టరీలో మిగిలిన 49 శాతం వాటా మన రాష్ట్రానిదే, అయినా గానుగ తిరగలేదు. కాబట్టి స్కాట్లాండ్ ఓటును పిరికితనం అనే ముందు, వాళ్లు 1999 తర్వాత పదిహేనేళ్లు సొంత పాలన రుచి చూశాకే ఆ ఓటు వేశారని గుర్తుంచుకోండి. గ్రీనాక్ మిల్లు మళ్లీ తెరుచుకునేది కాదు. బోధన్ ఫ్యాక్టరీ మాట మాత్రం ఇంకా తేలాల్సే ఉంది, దాన్ని తేల్చాల్సింది హైదరాబాద్.