మజిలీ విలువ



ఈ కాలపు పిల్లలకు కంప్యూటరులో సాహసయాత్రల ఆటలంటే ప్రాణం. కత్తి పట్టిన వీరుడు అడవులు దాటుతూ, రాక్షసులతో పోరాడుతూ పోతాడు. ఈ ఆటలకు మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అది బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో ఆడే ఆట. 1986లో జపానులో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' అనే వీడియో ఆటలో వీరుడు సత్రంలో కొన్ని నాణేలు చెల్లిస్తే చాలు, క్షణంలో తెల్లవారుతుంది. గాయాలన్నీ మానిపోతాయి.

ఆటకు అది సౌకర్యమే. కాని పూర్వం బాటసారికి పగటి నడక ఎంత కష్టమో, రాత్రి బస కూడా అంత కష్టం.

చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. వెంట పరివారం, బోయీలు కలిపి సుమారు నూరుమంది. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగేస్తే మజిలీ మజిలీకీ ఇవే విచారాలు: నీళ్లు మంచివా? అంగళ్లున్నాయా? దిగడానికి చోటుందా? రేపటి దారి ఎలాంటిది? ఇంతమందికి ఒక్క పూట బియ్యం దొరక్కపోతే యాత్ర అక్కడే ఆగుతుంది.

ఇక గాయాలు మానే సంగతి. మన తంజావూరు రాజు శరభోజి 1801లో ఆంగ్లేయ రెసిడెంటుకు రాసిన లేఖలో తమ సత్రాలను వర్ణించాడు. అక్కడ అన్ని కులాల బాటసారులకూ అన్నం దొరికేది. జబ్బుపడినవారికి వైద్యం, ప్రసవించిన స్త్రీలకు సంరక్షణ, అనాథలైన పిల్లలకు చదువు కూడా ఉండేవి. అంటే బాటసారి కోలుకున్నది ఒక్క నిద్రతో కాదు, సాటి మనిషి ఆదరణతో.

ఈ మధ్య ఆటలూ ఈ దారి పడుతున్నాయి. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో రాత్రి విడిదిలో పూర్తిగా సేదతీరాలంటే తిండి సామాను ఉండాలి. అక్కడే తోటివారు మనసు విప్పి మాట్లాడతారు.

ఆటలు తయారుచేసే యువతీయువకులకు నా మనవి ఒక్కటే. మీ సత్రంలో ఒక వంటమనిషిని, ఒక వైద్యుణ్ణి, ముందు దారి సంగతి చెప్పే ఒక బాటసారిని ఉంచండి. నీళ్లు లేని మజిలీ ఎంచుకున్నవాడికి దాహం తెలియనివ్వండి. తెల్లవారి బయలుదేరే వీరుడు, రాత్రి తనకు అన్నం పెట్టినవారిని ఒకసారి తలచుకోవాలి.