థర్మల్ పేస్ట్

కంప్యూటర్ ప్రాసెసర్‌కూ, దానిపై బిగించే హీట్‌సింక్‌కూ మధ్య పలుచగా పూసే ఉష్ణవాహక లేపనం. నునుపుగా కనిపించే లోహతలాల మీద కూడా సూక్ష్మమైన గుంటలుంటాయి. వాటిలో చేరే గాలి వేడిని సరిగా ప్రసరింపనీయదు. ఆ ఖాళీలను పేస్ట్ నింపుతుంది.

రకాలు: సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ పొడి కలిపినవి చవక; విద్యుత్తును ప్రసరింపజేయవు. సాధారణ వాడకానికి ఇవి చాలు. గాలియం మిశ్రమమైన ద్రవలోహం వేడిని మరింత బాగా లాగుతుంది కానీ, అది విద్యుద్వాహకం, అల్యూమినియాన్ని తినేస్తుంది. కాబట్టి అల్యూమినియం హీట్‌సింక్‌లకు పనికిరాదు.

ఎంపిక: ఉష్ణవాహకత అంకెతో పాటు చిక్కదనం, మన్నిక చూడాలి. ఏ పేస్టయినా వాహకతలో రాగికి చాలా దిగువే కనుక మందంగా పూయకూడదు. హీట్‌సింక్ ఊడదీసిన ప్రతిసారీ పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పూయాలి.