శ్యామ్ బెనెగల్ చిత్రములందలి చౌర్యకథలు

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రవేశించి నడచువారికి 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాలా భవనము గోచరించును. ఆ విద్యాపీఠమున 1948 వరకు ఉర్దూ బోధనభాష; చుట్టుపట్ల పొలములలో దున్నువారిది తెలుగు; బజారులలో నేటికిని వినబడునది దక్కనీ. ఈ మూడు భాషల నడుమ పెరిగినవాడు శ్యామ్ బెనెగల్. ఆయన 1934 డిసెంబరు 14న సికిందరాబాదు దండుప్రాంతమైన తిరుమలగిరిలో జన్మించి, నిజాం కళాశాలయందు చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర పట్టభద్రుడయ్యెను. హైదరాబాదు ఫిల్ము సొసైటీ స్థాపన ఆయనదే. పిదప బొంబాయి చేరి ప్రకటనచిత్రములును డాక్యుమెంటరీలును వందలకొలది తీసి, నలువదియేండ్లు నిండవచ్చినప్పుడు గాని తొలి కథాచిత్రమును వెలువరింపలేదు. 2024 డిసెంబరు 23న పరమపదించెను.

బెనెగల్ కోపముతో ఆరంభించి నవ్వుతో ముగించెననియు, అందుచే ఆయన చిత్రముల పదును తగ్గెననియు చెప్పువారు కలరు. ఈ మాట పరీక్షింపదగినది. క్షేత్రమొక్కటియైనచో బీజభేదము తేటపడును గనుక, తెలంగాణపు నేలమీద నడచిన ఆయన కథలను తీసికొనుట మేలు. వానియందెల్ల ఒక దొంగతనము కలదు.

‘అంకుర్’ 1974లో వెలువడెను. భూస్వామి కుమారుడైన సూర్య నగరమున చదువు నిలిపి, తండ్రి యాజ్ఞచే పొలములు చూచుటకు పల్లెకు వచ్చును. కులభేదము పాటింపనని పలుకుచు పనిమనిషి లక్ష్మి చేతి తేనీరు త్రాగును. ఆమె భర్త కిష్టయ్య చెవిటివాడు, మూగవాడు, పనిలేని కుమ్మరి. అతడు కల్లు దొంగిలించినందుకు తల గొరిగించి గాడిదపై నూరేగింతురు. లక్ష్మి దొంగిలించినది బియ్యము. వ్యాకరణమున స్వతంత్రుడు కర్త. ఇచట దొంగిలించుట యను క్రియకు పేదలు కర్తలుగా కనబడుదురు గాని వాక్యము పలుకువాడు దొర. లక్ష్మి కాపురమును హరించినవానిని దొంగయని పిలుచు వాక్యము ఆ యూర లేదు. చిత్రము దీనిని వాదించి చెప్పదు. పాత్రలు పలుకనిచోట పొలమును చూపి యూరకుండును. తుదకు సూర్య కిష్టయ్యను కొరడాతో కొట్టగా, ఒక బాలుడు అతని కిటికీపై రాయి విసరి పరుగెత్తును. నగరమున చదివిన దర్శకుడు దోషమును చదువుకొన్నవానిమీదనే మోపుట గమనింపదగినది.

‘నిశాంత్’ (1975) కథాకాలము 1945. రచన విజయ్ తెండూల్కరుది. మొదటనే గుడినగలు పోవును. తీసినది దొరల యింటివారు, దండన మరియొకనికి. పిదప బడిపంతులు భార్యనే యెత్తుకొనిపోవుదురు. ఆ పంతులు అధికారుల గుమ్మములెక్కి దిగును. పాఠశాలాపండితులెవరును ఈ పాత్రను తేలికగా మరువజాలరు. ‘నగలు పోయినవి’ యను వాక్యమునందువలె కర్త మరుగుపడెను. శైలియు దానికి తగినట్లు మారి, ఒక్కొక్క ముఖమునకు చేరువగా నుండిన చూపు గుంపువైపు జరిగెను. పూజారియు పంతులును రేపిన యూరు దొరలతోపాటు ఆ పంతులు భార్యను సైతము చంపును. బాలుని రాయి నుండి ఇచటికి వచ్చుటకు దర్శకునికి పట్టినది ఒక్క సంవత్సరమే. కోపమును ఆయన ఎంత త్వరగా శంకించెనో విమర్శకులు తలపోయరు.

ఆపై ఆయన దూరదేశములు తిరిగెను. ‘మంథన్’ (1976)కు గుజరాతు పాలరైతులు అయిదు లక్షలమంది తలకు రెండు రూపాయలిచ్చిరి. ‘భూమిక’ (1977)లో కాలము ముందువెనుకలుగా నడచును. ‘మండీ’ (1983)లో వేశ్యలను గాక, వారిని ఊరినుండి తరుము పెద్దమనుష్యులను చూచి నవ్వించెను. 1987 నాటి ‘సుస్మన్’తో మరల పోచంపల్లి మగ్గముల కడకు వచ్చెను. అచట దొంగసొత్తు పట్టునూలు: పైవారు నేయనిచ్చిన పట్టులో కొంత కుమార్తె పెండ్లిచీరకై మిగుల్చుకొందురు. నేసినవానికే నేత పరాయిసొత్తు. చిత్రము కొంత బోధప్రాయమైన మాట నిజము. చేతిపనిని చూపుటయందలి ఓర్పు మాత్రము మునుపు లేనిది. 1992లో ‘సూరజ్ కా సాత్వా ఘోడా’యందు ఒకే వృత్తాంతమును పలుమారులు చెప్పించి, కథకుని మాటనే సందేహాస్పదము గావించెను.

ఈ యభ్యాసమెల్ల 2010లో విడుదలయైన ‘వెల్ డన్ అబ్బా’లో ఫలించెను. దాని మూలకథలలో నొకటి హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానో వ్రాసినది. కారు నడుపు అర్మాన్ అలీ సెలవు మీరి పల్లెనుండి మరలివచ్చి, ఆలస్యమునకు కారణమును యజమానికి దారిపొడవున వినిపించును. ప్రభుత్వ ధనముతో బావి త్రవ్వింపబూనగా సొమ్మంతయు లంచములలో కరగిపోయెను. కాగితములలో మాత్రము బావి పూర్తియయ్యెను. చదువుకొన్న కూతురు ముస్కాన్ తోడురాగా అతడు ఠాణాకు పోయి, తన బావి దొంగిలింపబడెనని ఫిర్యాదు వ్రాయించును. త్రవ్వనేలేని బావి! లేని కర్మకు చౌర్యక్రియను అన్వయించుట వ్యాకరణమున దోషమే కావచ్చును గాని, అధికారుల కాగితమే బావి కలదనుచున్నప్పుడు ఆ వాక్యమును త్రోసివేయుట వారికి సాధ్యము కాదు. ‘అంకుర్’లో పేదవానిమీద ప్రయోగింపబడిన ధాతువును ఇచట పేదవాడే ప్రభుత్వముపై ప్రయోగించెను.

‘అంకుర్’ చూచినవారికి కలిగెడి గాయము దీనిచే కలుగదు; ముగింపు మిక్కిలి సులభముగా కుదిరినది. అయినను పదును తగ్గెననుట సరికాదు. కిష్టయ్యకు నోరు లేదు. అర్మాన్ అలీ దారిపొడవున దక్కనీలో మాటలాడుచునే యుండును, యజమాని వినుచుండును.