స్టైరీన్-డైవినైల్‌బెంజీన్ కోపాలిమర్

స్టైరీన్-డైవినైల్‌బెంజీన్ కోపాలిమర్ అనునది రెండు వేర్వేరు మోనోమర్ల కలయిక వలన ఏర్పడే కృత్రిమ బృహదణు పదార్థం. దీని బెంజీన్ వలయాలకు ప్రమేయ సమూహాలను చేర్చి అయాన్ వినిమయ రెజిన్లను తయారు చేస్తారు. కఠినజలాన్ని మృదుజలంగా మార్చుటకు వీటిని విరివిగా వాడుతున్నారు.

చరిత్ర

1935లో ఇంగ్లాండుకు చెందిన ఆడమ్స్, హోమ్స్ అను శాస్త్రవేత్తలు ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెజిన్లకు అయాన్ వినిమయ గుణం ఉన్నదని తెలిపారు. తరువాత అమెరికా రసాయన శాస్త్రవేత్త గయిటానో డి'అలీలియో స్టైరీన్ ఆధారిత రెజిన్లను రూపొందించి 1944లో పేటెంటు పొందాడు.

తయారీ విధానం

స్టైరీన్‌ను మాత్రమే పాలిమరీకరణం చేసినచో పొడవైన గొలుసులు ఏర్పడతాయి. ఇవి టోలీన్ వంటి ద్రావణులలో కరుగుతాయి. డైవినైల్‌బెంజీన్ అణువులో రెండు వినైల్ సమూహాలు ఉండుటచే అది ప్రక్కప్రక్క గొలుసులను కలిపి వలవంటి నిర్మాణాన్ని ఏర్పరుస్తుంది. ఇది ఏ ద్రావణిలోనూ కరగదు, ఉబ్బుతుంది.

మోనోమర్ల మిశ్రమాన్ని నీటిలో చిన్న బిందువులుగా చెదరగొట్టి, బెంజోయిల్ పెరాక్సైడ్ సమక్షంలో వేడి చేస్తారు. ఒక్కొక్క బిందువు ఒక గట్టి పూసగా మారుతుంది. ఈ పూసలపై గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చర్య జరిపినపుడు సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు చేరి కాటయాన్ వినిమయ రెజిన్ లభిస్తుంది. క్లోరోమిథైలీకరణం చేసి, పిదప ట్రైమిథైల్ ఎమీన్‌తో చర్య జరిపితే ఆనయాన్ వినిమయ రెజిన్ లభిస్తుంది. క్లోరోమిథైలీకరణంలో వాడే క్లోరోమిథైల్ మిథైల్ ఈథర్, అందులో మలినంగా ఉండే బిస్ క్లోరోమిథైల్ ఈథర్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను కలిగిస్తాయి. కావున కార్మికులు వీటి ఆవిరిని పీల్చకుండా కట్టుదిట్టమైన జాగ్రత్తలు అవసరం.

ధర్మాలు

* సాధారణ రెజిన్లలో డైవినైల్‌బెంజీన్ సుమారు 8 శాతం ఉంటుంది. ఇది తగ్గితే పూసలు అధికంగా ఉబ్బి మెత్తబడతాయి; పెరిగితే గట్టిపడతాయి గాని అయాన్ల ప్రవేశం మందగిస్తుంది.
* పొడి సల్ఫోనిక్ రెజిన్ వినిమయ సామర్థ్యం గ్రాముకు సుమారు 5 మిల్లీ తుల్యాంకాలు.
* సల్ఫోనిక్ రెజిన్లు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకొనగలవు. హైడ్రాక్సైడ్ రూపంలోని బలమైన ఆనయాన్ రెజిన్లు 60 డిగ్రీలు దాటితే త్వరగా క్షీణిస్తాయి.

ఉపయోగాలు

సోడియం రూపంలోని రెజిన్ గుండా కఠినజలం ప్రవహించినపుడు ఒక్కొక్క కాల్షియం లేదా మెగ్నీషియం అయాన్‌కు బదులుగా రెండు సోడియం అయాన్లు నీటిలోకి విడుదలవుతాయి. రెజిన్ శక్తి తగ్గినపుడు గాఢమైన ఉప్పునీటితో దానిని పునరుద్ధరిస్తారు. మృదుజలమనగా లవణరహితమైన నీరు కాదని గమనించాలి. దానిలో సోడియం పెరుగుతుంది. లవణాలను పూర్తిగా తొలగించుటకు హైడ్రోజన్ రూపంలోని కాటయాన్ రెజిన్, హైడ్రాక్సైడ్ రూపంలోని ఆనయాన్ రెజిన్ రెండూ అవసరం.

ఇదే కోపాలిమర్ పూసలపై రాబర్ట్ బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో పెప్టైడ్లను సంశ్లేషణం చేసే ఘనస్థితి పద్ధతిని ప్రకటించాడు. ఇందుకు ఆయనకు 1984లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.